ఫాస్ఫోట్రైఎస్టరేజ్: జెల్‌లో బ్యాండ్ ఉండి, క్యువెట్‌లో పసుపు రాకపోతే

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా, మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా. బెంగళూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల్ని విరగ్గొట్టే ఫాస్ఫోట్రైఎస్టరేజ్ తయారుచేస్తున్నారు. ఓపీడీ జన్యువు మొత్తాన్ని, అంటే 365 అమైనో ఆమ్లాల కోడ్‌ని, పెట్ వెక్టర్‌లో (జన్యువుని ఈ.కోలైలోకి మోసుకెళ్ళే డీఎన్‌ఏ) పెట్టి చివర హిస్ ట్యాగ్ (నికెల్ కాలమ్‌కి అంటుకునే హిస్టిడిన్ల తోక) తగిలించారు. బీఎల్21 డీఈ3 రకం ఈ.కోలైలో, ఎల్‌బీ మీడియంలో, 37 డిగ్రీల దగ్గర 1 మిల్లీమోలార్ ఐపీటీజీతో (జన్యువుని పనిలోకి దించే రసాయనం) నాలుగు గంటలు పెంచారు. నికెల్ కాలమ్ తర్వాత పీహెచ్ 7.0 ఫాస్ఫేట్ బఫర్‌లో, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాలను పట్టుకుని లాగేసే రసాయనం), 1 మిల్లీమోలార్ డీటీటీ (ప్రోటీన్ ఆక్సీకరణ చెందకుండా వేసేది) కలిపి రాత్రంతా డయాలసిస్ (సన్నటి రంధ్రాల గొట్టంలో ఉంచి బఫర్ మార్చడం) చేశారు. జెల్ మీద 39 కిలోడాల్టన్ల దగ్గర మందంగా బ్యాండ్ వచ్చింది. ఈ ఎంజైమ్ విరిస్తే పసుపు రంగు నైట్రోఫినాల్‌ని వదిలే ఆర్గానోఫాస్ఫేట్, పారాక్సాన్ వేస్తే మాత్రం 405 నానోమీటర్ల దగ్గర గీత కదల్లేదు. ఇది పనిచేస్తే కేఆర్ మార్కెట్ నుంచి తెచ్చే కొత్తిమీర మీద క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుని పోగొట్టడానికి వాడొచ్చా అనీ, మన ఒంట్లో ఇలాంటి ఎంజైమ్ లేదా అనీ కూడా అడిగారు.

మీ క్లోనింగ్‌లో సర్దుకోవాల్సింది ఒకటి ఉంది కానీ, అసలు జబ్బు అది కాదు. మీ దగ్గరున్నది ప్రోటీన్ మాత్రమే, ఎంజైమ్ ఇంకా తయారవలేదు. దీని పనంతా లోపల కూర్చునే రెండు లోహ అయాన్లది. మీరు పెంచిన పద్ధతిలో ఆ లోహం సరిగా అందలేదు, అందిన కాస్తా నిలబడడానికి కావలసిన పరిస్థితుల్ని డయాలసిస్ బఫర్ తీసేసింది. జెల్‌కి లోహం కనపడదు. ప్రోటీన్ మడతని విప్పేసే ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో మరిగించాక పనిచేసేదీ పనిచేయనిదీ ఒకే చోట, ఒకే బ్యాండ్‌గా పరిగెడతాయి. అందుకే బ్యాండ్ చూసి ఆక్టివిటీని ఊహించకూడదు.

నిర్మాణం కాస్త ఓపిగ్గా చూడండి, తర్వాత చెప్పే ప్రతి గ్రాము లెక్కకీ కారణం అక్కడే ఉంది. పని చేసే రూపంలో ఇది రెండు ఒకేరకం గొలుసుల జంట, ఒక్కోటి దాదాపు 36 కిలోడాల్టన్లు. ఒక్కో గొలుసు పీపా ఆకారంలో మడత పడుతుంది: ఎనిమిది బీటా పోగులు పీపా చెక్కల్లా లోపల వరుసగా నిలబడితే, చుట్టూ ఎనిమిది ఆల్ఫా హెలిక్సులు కాపు కాస్తాయి. పీపా ఒక మూతి దగ్గర, బీటా పోగుల చివర్లు కలిసే చోట, 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో రెండు జింక్ అయాన్లు కూర్చుంటాయి. లోపలి వైపు ఉన్నదాన్ని ఆల్ఫా అంటారు. దాన్ని 55, 57 స్థానాల హిస్టిడిన్లు, 301వ ఆస్పార్టేట్ పట్టుకుంటాయి. కాస్త బయటికి తెరుచుకుని ఉన్నది బీటా. దాన్ని 201, 230 హిస్టిడిన్లు పట్టుకుంటాయి. ఈ రెంటి మధ్య రెండు వంతెనలున్నాయి. ఒకటి నీటి అణువు నుంచి వచ్చిన హైడ్రాక్సైడ్. రెండోది 169వ లైసిన్.

ఈ లైసిన్ దగ్గర ఆగాలి. మామూలు లైసిన్ అమైన్‌కి ధనావేశం ఉంటుంది, ధనావేశమున్న లోహాన్ని అది పట్టుకోలేదు. ఇక్కడ ఆ అమైన్ ఒక కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కార్బమేట్‌గా మారుతుంది. ఋణావేశం ఉన్న ఆ కొసకి రెండు ఆక్సిజన్లుంటాయి, ఒక్కోటి ఒక్కో లోహాన్ని పట్టుకుంటుంది. దీన్ని అతికించడానికి వేరే ఎంజైమ్ ఏదీ లేదు, నీళ్ళలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తోనే జరిగిపోతుంది. కాకపోతే లోహం లేకపోతే కార్బమేట్ నిలవదు, ఊడిపోతుంది. కార్బమేట్ లేకపోతే లోహం సరిగా కూర్చోదు. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే జోడీ ఇది. 1994లో మొదటిసారి తీసిన స్ఫటిక నిర్మాణంలో లోహం లేదు, ఆక్టివ్ సైట్ వేరే తీరులో కనపడింది. మరుసటి ఏడు కాడ్మియం పెట్టి తీసిన నిర్మాణంలోనే ఈ కార్బమేట్ బయటపడింది. మీరు కళ్ళతో చూడాలంటే ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీలో 1హెచ్‌జెడ్‌వై తెరవండి. జింక్‌తో 1.3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఉంటుంది. 169 దగ్గర లైసిన్‌కి తోక అదనంగా కనపడుతుంది, అదే.

ఇక పని జరిగే తీరు. పారాక్సాన్‌లో ఫాస్ఫరస్ మధ్యలో ఉండి, ఒక వైపు డబుల్ బాండ్ ఆక్సిజన్, రెండు ఇథాక్సీలు, ఇంకో వైపు పారానైట్రోఫినాల్ గుంపు ఉంటాయి. డబుల్ బాండ్ ఆక్సిజన్ బీటా లోహం వైపు వాలుతుంది. దాంతో ఫాస్ఫరస్ మీద ఎలక్ట్రాన్ల కొరత పెరుగుతుంది. లోహాల మధ్య సిద్ధంగా ఉన్న హైడ్రాక్సైడ్, నైట్రోఫినాల్‌కి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి ఫాస్ఫరస్‌ని గుద్దుతుంది. నైట్రోఫినాల్ ఊడిపోతుంది, మిగిలిన మూడు చేతులు గాలికి గొడుగు తిరగబడినట్టు అవతలి వైపుకి తిరుగుతాయి. వదిలిన ప్రోటాన్‌ని 301 ఆస్పార్టేట్, 254 హిస్టిడిన్, 233 ఆస్పార్టేట్ చేతులు మార్చుకుంటూ బయటి నీళ్ళలోకి చేరవేస్తాయి.

ఇదే పారాక్సాన్ మన నరాల దగ్గరుండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ని ఎందుకు పాడుచేస్తుంది, దీన్ని ఎందుకు చేయదు అన్నది చాలామందికి వచ్చే సందేహం. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ తన సొంత సెరీన్‌తో దాడి చేస్తుంది. ఆ క్షణంలో ఫాస్ఫరస్ ముక్క సెరీన్‌కే అతుక్కుంటుంది, అక్కడి నుంచి నీళ్ళతో విడిపించుకోవడం దాని వల్ల అయ్యే పని కాదు. గంటలు, రోజులు పడుతుంది, కొన్నిసార్లు అసలు విడిపోదు. ఫాస్ఫోట్రైఎస్టరేజ్ తన ఒంట్లోని ఏ భాగాన్నీ దాడికి వాడదు, నీటినే వాడుతుంది. అందుకే ఇరుక్కోదు. జింక్ రూపం పారాక్సాన్‌ని సెకనుకి 2,000 అణువులకు పైగా విరగ్గొడుతుంది. కోబాల్ట్ పెడితే ఇంకా కొన్ని రెట్లు పెరుగుతుంది. అంటే అణువు వచ్చి తగలడమే ఆలస్యం అన్నంత వేగం. ఈ మందులు పొలాల్లోకి వచ్చింది 1940ల తర్వాతే కదా, ఇంత తక్కువ కాలంలో ఒక బాక్టీరియా ఈ నైపుణ్యం ఎలా సంపాదించిందన్నది నిజంగా ఆశ్చర్యం కలిగించే సంగతి. లాక్టోన్లను విరిచే పాత ఎంజైమ్‌ల కుటుంబం నుంచి వచ్చిందన్నదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఇప్పుడు మీ తప్పులు ఒక్కొక్కటే. మొదటిది జన్యువు. 365లో మొదటి 29 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్ ఎక్కడికి పోవాలో చెప్పే, తర్వాత ఊడిపోయే చిరునామా ముక్క), పక్వమైన ఎంజైమ్ 30వ స్థానపు సెరీన్ నుంచి మొదలవుతుంది. అసలు బాక్టీరియాలో ఈ సిగ్నల్ ఎంజైమ్‌ని ట్యాట్ (మడతపడిన ప్రోటీన్లను పంపే దారి) మార్గం ద్వారా లోపలి పొరకి చేరవేస్తుంది. దీని మీద మంచి పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దయానంద సిద్దవట్టం బృందం చేసింది, 2009లో అచ్చయింది, దొరికితే తప్పక చదవండి. ఈ.కోలైలో ఎక్కువ మోతాదులో చేయించినప్పుడు ఆ మార్గం ఇరుకైపోయి, సిగ్నల్ ఊడని రూపం పొరలకి అంటుకునో, ముద్ద కట్టో పోతుంది. మీ బ్యాండ్ 39 దగ్గర రావడమే సాక్ష్యం. పక్వమైనది ట్యాగ్‌తో కలిపి 37 దగ్గర ఉండాలి. కొత్త ప్రైమర్ వేసి, ప్రారంభ మెథియోనిన్ తర్వాత నేరుగా 30వ సెరీన్ వచ్చేలా మళ్ళీ క్లోన్ చేయండి. రెండు వారాల పని, కానీ దిగుబడి ఒక్కసారిగా మారిపోతుంది. మీ గైడ్ ఒప్పుకుంటే ఎస్5 అనే రూపం అడగండి. 185, 208, 319 స్థానాల్లో మూడు మార్పులతో, ఈ.కోలైలో బాగా కరిగే రూపంగా వచ్చేందుకు తయారుచేసింది అది. ఆక్టివ్ సైట్ జోలికి పోలేదు.

రెండోది పెంపకం. ఎల్‌బీలో ఉండే జింక్ చాలా కొద్ది. పెట్ వెక్టర్‌లో జన్యువుని జోరుగా నడిపే టీ7 ప్రమోటర్ నాలుగు గంటల్లో పోగేసే ప్రోటీన్‌కి, గొలుసుకి రెండేసి చొప్పున అది చాలదు. పైగా 37 డిగ్రీల దగ్గర గొలుసు అల్లిక ముందుకు పోతుంది, మడత వెనకపడుతుంది. 30 డిగ్రీలకు దించండి. కణాల చిక్కదనం చెప్పే ఓడీ 0.6 దగ్గర ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్ చాలు. అప్పుడే కోబాల్ట్ క్లోరైడ్ 0.5 మిల్లీమోలార్ వేయండి. ముందే వేస్తే కణాలు పెరగవు, కోబాల్ట్ వాటికి విషం. పోషకాలు పుష్కలంగా ఉన్న మీడియంలో పెప్టైడ్లు లోహాన్ని పట్టుకుని విషాన్ని తగ్గిస్తాయి, అందుకే ఎల్‌బీ కంటే టెర్రిఫిక్ బ్రాత్ నయం. అదే మోతాదు మినిమల్ మీడియంలో వేస్తే పంట మొత్తం పోతుంది. కోబాల్ట్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 2.38 గ్రాములు 10 మిల్లీలీటర్లలో కరిగిస్తే 1 మోలార్ స్టాక్, లీటరుకి అర మిల్లీలీటరు వేస్తే సరి. ఆ తర్వాత 20 నుంచి 24 గంటలు వదలండి. రాత్రి కరెంటు పోయి వస్తే కొన్ని షేకర్లు తమంతట తాము తిరగడం మొదలుపెట్టవు. తెల్లారి చూస్తే అడుగున ముద్ద, పైన తేట. ఇండక్షన్ అయిన కణాలు గాలి లేకుండా గంటలు నిలబడితే ఆ బ్యాచ్ మీద సమయం వృథా చేయకండి, పారేసి మళ్ళీ వేయండి. సెంట్రిఫ్యూజ్ చేశాక ముద్ద కాస్త గులాబీ రంగులో ఉండొచ్చు, కంగారు పడకండి.

మూడోది, అన్నిటికంటే పెద్దది, శుద్ధి. ఈడీటీఏ మడతపడిన ఎంజైమ్‌లో గట్టిగా కూర్చున్న జింకుని నిమిషాల్లో పెరకలేకపోవచ్చు. మీ ఎంజైమ్‌లో మాత్రం సగం ఖాళీ, మిగతా సగం వదులు. రాత్రంతా ఈడీటీఏలో నానితే మిగిలేది తక్కువ. డీటీటీ కూడా లోహాలను పట్టుకుంటుంది, దీనికి దాని అవసరమే లేదు. ఫాస్ఫేట్ కోబాల్ట్‌తో కలిసి కరగని లేత ఊదా పొడిగా దిగిపోతుంది. పీహెచ్ 7.0 కార్బమేట్‌కి ఇష్టమైన చోటు కాదు, పీహెచ్ దిగే కొద్దీ అమైన్ ప్రోటాన్‌ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది. కాలమ్ నుంచి దించడానికి వాడిన 250 మిల్లీమోలార్ ఇమిడజోల్ కూడా హిస్టిడిన్ లాగే లోహం వెంట పడుతుంది. అది వెంటనే పోవాలి.

దీని బదులు అన్ని బఫర్లూ హెపిస్‌లో చేయండి: 50 మిల్లీమోలార్, పీహెచ్ 8.5, ఉప్పు 100 మిల్లీమోలార్, కోబాల్ట్ క్లోరైడ్ 100 మైక్రోమోలార్. లీటరుకి హెపిస్ 11.9 గ్రాములు. (కోబాల్ట్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ అణుభారం, హెపిస్ అణుభారం రెండూ 238 దగ్గరే, ఒక్క అంకె గుర్తుంటే రెండు లెక్కలూ అవుతాయి.) నికెల్ కాలమ్ మీద ఉన్నంతసేపు కోబాల్ట్ వేయకండి, దిగాక డయాలసిస్‌లో వేయండి. ట్రిస్ వాడాలనుకుంటే ఒక సంగతి: 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8.0 పెట్టిన ట్రిస్ కోల్డ్ రూమ్‌లో 8.6కి చేరుతుంది. హెపిస్ ఇంత మారదు. డయాలసిస్ గొట్టాన్ని చాలా ల్యాబుల్లో ఈడీటీఏలో మరిగించి ఫ్రిజ్‌లో దాచుకుంటారు. బఫర్‌లో ఈడీటీఏ తీసేసినా ఆ గొట్టంలోంచి వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కనీసం అయిదారుసార్లు లోపలా బయటా కడగండి.

ఇప్పుడు చేతిలో ఉన్న ప్రోటీన్‌ని పారేయక్కర్లేదు, బాగుచేసి చూడొచ్చు. ముందు ఈడీటీఏ పోవాలి. ఎందుకంటే 1 మిల్లీమోలార్ ఈడీటీఏ మీరు వేసే మొదటి 1 మిల్లీమోలార్ లోహాన్ని ఎంజైమ్ వాసన కూడా చూడకుండా మింగేస్తుంది. మామూలు హెపిస్‌లో, లోహం లేకుండా, వంద రెట్ల పరిమాణంలో రెండుసార్లు డయాలసిస్ చేస్తే ఈడీటీఏ పదివేల వంతుకి పడిపోతుంది. తర్వాత ప్రోటీన్‌ని మిల్లీలీటరుకి 0.36 మిల్లీగ్రాముల దగ్గరికి తెచ్చుకోండి, అది 10 మైక్రోమోలార్ అవుతుంది. గొలుసుకి రెండు లోహాల లెక్కన 20 మైక్రోమోలార్ కావాలి, మనం 100 వేస్తాం. అప్పుడే చేసిన సోడియం బైకార్బొనేట్ 10 మిల్లీమోలార్, అంటే 50 మిల్లీలీటర్లకి 42 మిల్లీగ్రాములు. పీహెచ్ 8.0 నుంచి 8.5 మధ్య చూసుకుని 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి వదలండి. బైకార్బొనేట్ మర్చిపోతే లోహం ఎంత పోసినా ఆక్టివిటీ కొద్దిగానే, నెమ్మదిగానే వస్తుంది. 169 లైసిన్‌కి కావలసిన కార్బన్ డయాక్సైడ్ అక్కడి నుంచే రావాలి కదా. లోహం 1 మిల్లీమోలార్ దాకా పెంచితే కోబాల్ట్ కార్బొనేట్‌గా దిగిపోయే ప్రమాదం ఉంది, అందుకే తక్కువలో ఉంచమన్నాను. ఇంకోమాట, లోపల జింక్ కూర్చుని ఉంటే బయట కోబాల్ట్ పోసినంత మాత్రాన అది జాగా ఖాళీ చేయదు. నిజంగా కోబాల్ట్ రూపమే కావాలంటే 1,10-ఫినాంత్రొలిన్‌తో జింకుని తీసేసి, ఆ ఫినాంత్రొలిన్‌ని పూర్తిగా డయాలసిస్ చేసి, అప్పుడు కోబాల్ట్ ఇవ్వాలి. లోహం లెక్క తేల్చుకోవాలంటే లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరికరం ఉన్న ల్యాబులు బెంగళూరులో ఉన్నాయి. శాంపిల్ పంపేముందు కోబాల్ట్ లేని బఫర్‌లోకి మార్చి పంపండి, లేదంటే బఫర్‌లో ఉన్న లోహాన్నే కొలుస్తారు. గొలుసుకి రెండు దగ్గర రావాలి.

ఆక్టివిటీ పరీక్షలో మీరు చెప్పని ఒక విషయం నాకు ముఖ్యం: గీత కదల్లేదన్నారు, అది కింద కదలకుండా ఉందా, పైన కదలకుండా ఉందా? రెండూ చదునుగానే కనపడతాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. లెక్క చూడండి. 1 మిల్లీలీటరు క్యువెట్, 1 సెంటీమీటరు దారి, పీహెచ్ 9.0 దగ్గర పారానైట్రోఫినాల్ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్ (1 మోలార్ ద్రావణం సెంటీమీటరు దారిలో ఎంత కాంతిని పీలుస్తుందన్న లెక్క) 400 నానోమీటర్ల దగ్గర 17,000. నిమిషానికి 0.1 పెరిగితే 5.9 నానోమోల్ విరిగినట్టు. సెకనుకి 2,000 చొప్పున పనిచేసే ఎంజైమ్‌కి అది 1.8 నానోగ్రాముల పని. నానోగ్రాములే, మైక్రోగ్రాములు కాదు. బాగున్న ఎంజైమ్‌ని 10 మైక్రోగ్రాములు వేస్తే క్యువెట్‌లోని 1 మిల్లీమోలార్ పారాక్సాన్ అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. మీరు మూత మూసి బటన్ నొక్కేలోపు గీత పైకెక్కి, మిషన్ కొలవగల హద్దు దాటి, చదునుగా కూర్చుంటుంది. మీ విషయంలో అది కాకపోవచ్చు, ఎందుకంటే క్యువెట్ తీసి వెలుతురులో పట్టుకుంటే నిమ్మపండు పసుపు కనపడేది. తీసి చూడండి. ఈ పరీక్షకి కన్ను కూడా ఒక పరికరమే.

పద్ధతి ఇలా పెట్టుకోండి. సీహెచ్‌ఈఎస్ బఫర్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 9.0, కోబాల్ట్ క్లోరైడ్ 100 మైక్రోమోలార్. మెథనాల్‌లో చేసిన 50 మిల్లీమోలార్ పారాక్సాన్ 20 మైక్రోలీటర్లు, అప్పుడు చివరికి 1 మిల్లీమోలార్ పారాక్సాన్, 2 శాతం మెథనాల్. ఇవి కలిపి ముందు రెండు నిమిషాలు ఎంజైమ్ లేకుండా గీత చూడండి. పీహెచ్ 9లో పారాక్సాన్ తనంతట తానూ కొద్దికొద్దిగా విరుగుతుంది, ఆ వాలు తీసేయాలి. పాత సీసాలో ముందే విడిపోయిన నైట్రోఫినాల్ ఉండి మొదటి రీడింగే 0.5 చూపిస్తే ఆ సీసా పక్కన పెట్టండి. తర్వాత ఎంజైమ్ 10 మైక్రోలీటర్లు. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న స్టాక్‌ని 5,000 రెట్లు పలచన చేస్తే క్యువెట్‌లోకి 2 నానోగ్రాములు పడతాయి, నిమిషానికి 0.11 రావాలి. ఇంత పలచనైతే ప్రోటీన్ గొట్టం గోడలకే అంటుకుపోతుంది, పలచన చేసే బఫర్‌లో బీఎస్‌ఏ (గోడలకి బదులుగా అంటుకునే మామూలు ప్రోటీన్) మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము కలపండి. ఇది మర్చిపోయి ఆక్టివిటీ గంటగంటకీ పడిపోతోందని ఎంజైమ్‌ని తిట్టేవాళ్ళు చాలామంది. మీ ప్రోటీన్‌కి ఇప్పటికి పలచన చేయకుండానే మొదలుపెట్టి, పసుపు వచ్చిన కొద్దీ పదేసి రెట్లు దిగుతూ రండి.

మీ పరీక్ష పీహెచ్ 7.0లో చేశారు. పారానైట్రోఫినాల్ పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ని వదిలే పీహెచ్, 7.15. ఆ పీహెచ్ దగ్గర విడిపోయిన దానిలో 41 శాతమే పసుపు రంగు అయాన్ రూపంలో ఉంటుంది, మిగతా 59 శాతం 405 దగ్గర కనపడదు. పీహెచ్ 8.0 దగ్గర 88 శాతం, 9.0 దగ్గర దాదాపు 99 శాతం. ఏ కారణం చేతైనా 7.0లోనే కొలవాలంటే 348 నానోమీటర్ల దగ్గర కొలవండి, అక్కడ రెండు రూపాలూ ఒకేలా కాంతిని పీలుస్తాయి. ప్లేట్ రీడర్ వాడితే 200 మైక్రోలీటర్ల బావిలో కాంతి దారి సెంటీమీటరు కాదు, దాదాపు సగమే. 17,000ని గుడ్డిగా వాడకుండా 5 నుంచి 100 మైక్రోమోలార్ దాకా నైట్రోఫినాల్‌తో సొంత స్టాండర్డ్ గీసుకోండి. బెంగళూరు డిసెంబరు ఉదయాల్లో ల్యాబు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఏప్రిల్ మధ్యాహ్నం 30 దాటుతుంది. ఒకే ఎంజైమ్ రెండు నెలల్లో రెండు ఆక్టివిటీలు చూపించడానికి ఇదొక్కటే చాలు. వాటర్ జాకెట్ ఉన్న క్యువెట్ హోల్డర్ లేకపోతే బఫర్‌ని 25 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచుకుని, తీసి వెంటనే కొలవండి.

పారాక్సాన్ గురించి గట్టిగా చెప్పాలి. ఎలుకల్లో నోటి ద్వారా ప్రాణాంతక మోతాదు కిలోకి రెండు మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, చర్మం ద్వారా కూడా లోపలికి పోతుంది. స్టాక్ చేయడం ఫ్యూమ్ హుడ్‌లోనే, రెండు జతల నైట్రైల్ గ్లవ్స్‌తో, పక్కన ఇంకొకరు ఉండగా చేయండి. మెథనాల్ గ్లవ్స్ గుండా త్వరగా దిగుతుంది, చుక్క పడితే తుడుచుకోవడం కాదు, గ్లవ్ మార్చాలి. వాడిన టిప్పులు, క్యువెట్లు, మిగిలిన ద్రావణం అన్నీ 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న డబ్బాలో వేసి కనీసం ఒక రాత్రి ఉంచండి. అదీ పసుపెక్కుతుంది, అంటే విరుగుతోందని అర్థం. కంటిపాపలు చిన్నవై చూపు మసకబారినా, ఎక్కువ చొంగ కారినా, ఛాతీ బిగుసుకున్నా కాసేపు చూద్దామని కూర్చోకండి. బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బుతో కడిగి, సీసా పేరు రాసుకుని అత్యవసర విభాగానికి వెళ్ళాలి. వాళ్ళు ఎట్రోపిన్ మొదలుపెట్టడానికి ఆ పేరు కావాలి. ఇవేవీ లేని ల్యాబులో పారాక్సాన్ తెరవకపోవడమే మంచిది.

మన ఒంట్లో ఉన్నది చెప్తాను. రక్తంలో మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ని అంటిపెట్టుకుని పారాక్సోనేజ్-1, అంటే పాన్1 ఉంటుంది. పేరు పారాక్సాన్ మీదే పెట్టారు కానీ నిర్మాణం వేరే, ఆరు రెక్కల పంకాలా ఉంటుంది. లోపల జింక్ కాదు, రెండు కాల్షియంలు. పారాక్సాన్ మీద దీని సామర్థ్యం ఫాస్ఫోట్రైఎస్టరేజ్ కంటే వెయ్యి రెట్లకు పైగా తక్కువ, దాని సహజమైన పని లాక్టోన్ల మీద. రక్తం మీద ఈ పరీక్ష చేసేవాళ్ళు ఊదా మూత గొట్టంలో శాంపిల్ తీస్తే ఫలితం సున్నా వస్తుంది. అందులో ఉన్న ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది. సీరమ్ గానీ, ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం గానీ వాడాలి. మీ డయాలసిస్‌లో జరిగిందీ ఇదే కథ.

ఇక కొత్తిమీర. ఎంజైమ్ పూర్తిగా బాగుపడినా ఈ పని దాని చేతిలో లేదు. పారాక్సాన్‌తో పోలిస్తే క్లోర్‌పైరిఫాస్‌ని ఈ ఎంజైమ్ దాదాపు వెయ్యి రెట్లు నెమ్మదిగా విరుస్తుంది. కారణం మళ్ళీ నిర్మాణమే. ఆక్టివ్ సైట్‌లో ఫాస్ఫరస్ చుట్టూ మూడు గుంటలున్నాయి. ఊడిపోయే గుంపుకి ఒకటి, దాన్ని 131 ట్రిప్టోఫాన్, 132, 306 ఫినైల్ అలనిన్లు, 309 టైరోసిన్ కడతాయి. మిగతా రెండు చేతులకి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నైట్రోఫినాల్ మొదటి గుంటలో చక్కగా ఒదుగుతుంది. మూడు క్లోరిన్లున్న పిరిడినాల్ అలా ఒదగదు. పైగా క్లోర్‌పైరిఫాస్‌లో డబుల్ బాండ్ ఆక్సిజన్ చోట గంధకం ఉంది, అది బీటా లోహం వైపు అంత బలంగా వాలదు. ప్రయోగశాలలో ఉత్పరివర్తనాలు తెచ్చి, ఈ మందు మీద వేగం వందల రెట్లు పెంచిన రూపాలున్నాయి కానీ మీ దగ్గరున్నది అసలు రూపం. మలాథియాన్‌లో విరగాల్సింది ఫాస్ఫరస్, గంధకం మధ్య బంధం, దాని జోలికి ఇది దాదాపు పోదు. పైరిథ్రాయిడ్లకీ, నియోనికోటినాయిడ్లకీ అసలు సంబంధమే లేదు. ఆ కట్ట మీద ఏ మందు కొట్టారో మనకి తెలియదు.

అంతకంటే పెద్ద అడ్డంకి నీరు. క్లోర్‌పైరిఫాస్ లీటరు నీటిలో మిల్లీగ్రాము, మహా అయితే ఒకటిన్నర కరుగుతుంది, అంటే దాదాపు 4 మైక్రోమోలార్. మిగతాదంతా కొత్తిమీర ఆకు మీది మైనంలో దాక్కుంటుంది. ఎంజైమ్ నీళ్ళలో ఉంటుంది, మందు మైనంలో ఉంటుంది, రెండూ కలుసుకోవు. ఎంజైమ్‌తో పాటు 100 మైక్రోమోలార్ కోబాల్ట్‌ని తినే ఆకు మీద చల్లడం ఎవరూ చేయకూడని పని. విరిగాక వచ్చే ట్రైక్లోరోపిరిడినాల్ కూడా నిరపాయమైనదేమీ కాదు, అది నీళ్ళలో ఇంకా బాగా కదులుతుంది. ఇంట్లో కొత్తిమీరకి వేళ్ళు కోసేసి, కట్ట విప్పి, పారే నీళ్ళలో రెమ్మ రెమ్మా వేళ్ళతో రుద్ది కడగడమే మంచిది. అదీ పైనున్నదాన్నే తీస్తుంది, లోపలికి దిగినదాన్ని కాదు.

ప్రాజెక్టుగా మాత్రం ఈ ప్రశ్నకి మంచి విలువ ఉంది, రూపం మార్చండి చాలు. ఆకు వదిలేసి, 10 నుంచి 20 శాతం మెథనాల్ ఉన్న బఫర్‌లో క్లోర్‌పైరిఫాస్ 50 మైక్రోమోలార్ తీసుకుని, ఎంజైమ్ మైక్రోగ్రాముల్లో వేసి, గంటకొకసారి శాంపిల్ తీసి, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మీద ట్రైక్లోరోపిరిడినాల్ శిఖరం పెరగడం చూడండి. పక్కనే పారాక్సాన్‌తో పోల్చండి. మెథనాల్ అంత శాతంలో ఎంజైమ్‌ని కొంత నీరసపరుస్తుంది కాబట్టి పారాక్సాన్ పోలిక కూడా అదే మెథనాల్‌లో చేయాలి. లేదంటే తేడా మందుదా, మెథనాల్‌దా అన్నది తేలదు. మరిగించిన ఎంజైమ్‌తో ఒక గొట్టం, ఎంజైమ్ లేకుండా ఒక గొట్టం తప్పనిసరి. క్లోర్‌పైరిఫాస్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, గాజు సీసాలే వాడండి, లేకపోతే ఎంజైమ్ వేయకుండానే మందు తగ్గిపోతున్నట్టు కనపడుతుంది.

బైకార్బొనేట్‌తో బాగుచేశాక మళ్ళీ రాసేటప్పుడు ఇవి ఇవ్వండి: ప్రోటీన్ మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు, క్యువెట్‌లోకి ఎన్ని నానోగ్రాములు పడ్డాయి, ఎంజైమ్ లేని వాలు ఎంత, ఎంజైమ్ ఉన్న వాలు ఎంత. బాగా తయారైన జింక్ రూపం మిల్లీగ్రాముకి నిమిషానికి 3,000 మైక్రోమోల్ దాటాలి. మీది 30 వచ్చినా దారి సరైనదే, నూటికి ఒక వంతు గొలుసుల్లో లోహం కూర్చుందని లెక్క. సున్నా వస్తే ముందు గొట్టంలో మిగిలిన ఈడీటీఏని అనుమానించండి, ఆ తర్వాతే ఎంజైమ్‌ని.